ట్యూషను సరే, కలం ఎవరిది?

మన కళాశాలలో ఏ ఇద్దరు లెక్చరర్లు కలుసుకున్నా, ఏ నలుగురు పూర్వ విద్యార్థులు టీ కొట్టు దగ్గర చేరినా, కాసేపటికి వచ్చే మాట ఒకటే: "ఈ ట్యూషన్లు వచ్చాక చదువులు పాడైపోయాయండీ." ఈ మాట నేను విద్యార్థిగా ఉన్నప్పుడూ విన్నాను, ఇప్పుడూ వింటున్నాను. మా మాస్టార్లు కూడా వారి విద్యార్థి దశలో వినే ఉంటారు. నా అభిప్రాయం వేరు. ట్యూషను వల్ల చదువు పాడవలేదు. ట్యూషను పేరు చెప్పుకొని ఇంకొకటేదో వచ్చి మన మధ్య పీట వేసుకొని కూర్చుంది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల, పాఠం అర్థం కాక నిజాయితీగా ట్యూషనుకి వెళ్ళే పిల్లవాడు తలదించుకుంటున్నాడు. రికార్డులు అమ్మేవాడూ, కొనేవాడూ మాత్రం దర్జాగా తిరుగుతున్నారు. సంపాదకులు నాకిచ్చిన ఈ నాలుగు పేజీలూ ఆ తేడా చెప్పడానికే వాడుకుంటాను.

ముందు భావనపాడు సంగతి చెప్పాలి. సంతబొమ్మాళి మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరది. అక్కడి పిల్లలు పొద్దున్నే ఆటో పట్టుకొని నౌపడా వచ్చి, అక్కడినుంచి టెక్కలి చేరుకొని చదువుకుంటారు. ఉప్పు మడుల మీదుగా వచ్చే ఆ గాలికి పుస్తకం అట్ట కూడా తేమగా ఉంటుంది. ఇలా వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్ళే. పదో తరగతి వరకు తెలుగులో చదువుకున్నవాళ్ళు ఎందరో. 2021-22 విద్యా సంవత్సరం నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ తరగతులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. మార్చినవారి ఉద్దేశం మంచిదో చెడ్డదో ఇక్కడ వాదించను. కాని ఫలితం మాత్రం చూశాను. ఆమ్లం, క్షారం అంటే చక్కగా తెలిసిన పిల్ల, అదే పాఠం ఇంగ్లీషులో వచ్చేసరికి మూగదైపోతుంది. తెలివి ఎక్కడికీ పోలేదు, భాష దగ్గర ఆగిపోయింది. ఆ పిల్లకు సాయంత్రం ఒక గంట ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పకపోతే, ఆమె మూడేళ్ళూ వెనక బెంచీలోనే గడిచిపోతాయి.

ఇక డబ్బు సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక నిషేధం సబబే. ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 చేశారు. ఐతే గమనించండి, మన పరీక్షల హడావుడి, ట్యూషను వాళ్ళు "క్రాష్ కోర్సు" అని బోర్డు కట్టే కాలం కూడా ఇంచుమించు అదే. నావ ఒడ్డుకి లాగేసి ఉన్న రోజుల్లో ఇంట్లోంచి ట్యూషను ఫీజు తీసి ఇవ్వడమంటే ఏమిటో, నెల జీతం వచ్చే ఇళ్ళలో పుట్టినవారికి చెప్పినా బోధపడదు. నేను ఈ ప్రాంతంలో కొన్నేళ్ళు ట్యూషన్లు చెప్పాను. ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకొని వచ్చి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "బాబూ, మా గుంటడు రేత్రీ పగలూ పుస్తకం ఒగ్గడు. అయినా ఏటీ బుర్రకెక్కట్లేదంతన్నాడు. ఆడికి ఎలగైనా అర్దమయ్యేట్టు సెప్పండి బాబూ." అర్థమయ్యేట్టు చెప్పమంది ఆవిడ. పాసు చేయించమనలేదు. ఈ రెండు కోరికల మధ్య తేడా ఆవిడకు తెలిసినంత స్పష్టంగా మనకు తెలియడం లేదేమోనని నా అనుమానం.

పాత సంగతులు కొంచెం తవ్వితే మన ఉత్తరాంధ్రలో చదువుకి బయటి సాయం తీసుకోవడం ఎప్పుడూ సిగ్గుపడే విషయం కాదు. వారాలు చేసుకొని చదువుకున్న తరం ఒకటుంది. గురజాడ అప్పారావుగారు విజయనగరంలో చదువుకునే రోజుల్లో, మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు ఆయనకు భోజనం, వసతి ఇచ్చి చదివించారు. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తిగారి కథ ఇంకా గొప్పది. తండ్రి పోయాక, 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చిన్న తరగతులకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరి, పై పరీక్షలన్నీ ప్రైవేటుగా చదివి పాసయ్యారు. కాలేజీ మెట్లెక్కే వీలు లేనివాడు ఇంట్లో కూర్చొని చదివి డిగ్రీ సంపాదించడం అప్పట్లో మామూలే. దాన్ని దొడ్డిదారి అని ఎవరూ అనలేదు. ఎందుకంటే, చదువు ఎక్కడ చదివినా పరీక్ష హాల్లోకి వెళ్ళింది ఆయనే.

గిడుగువారే మరొక రకం ట్యూషను కూడా చేశారు. సవర భాష నేర్చుకుందామనుకున్నారు. పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నేర్పే బడి లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని జీతమిచ్చి ఇంట్లో పెట్టుకొని, ఆయన దగ్గర పాఠం చెప్పించుకున్నారు. పట్టభద్రుడైన పంతులు, బడి మొహం చూడని వ్యక్తి ముందు విద్యార్థిగా కూర్చున్నాడన్నమాట! ఏళ్ళ తరబడి ఆ శ్రమ సాగింది. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడి పెట్టారు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని అచ్చువేసింది. డబ్బిచ్చి నేర్చుకోవడం తప్పనేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. ఆయన డబ్బిచ్చి కొన్నది గురువుగారి కాలాన్ని. వ్యాకరణం మాత్రం తానే రాశారు.

సరే, దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే ట్యూషను మాస్టారు కూడా మన విజయనగరం వాడే. 1892లో మొదటిసారి ఆడి, 1897లో అచ్చై, 1909లో మళ్ళీ కొత్త రూపు దిద్దుకున్న 'కన్యాశుల్కం' చదవనివారు మన పాఠకుల్లో ఉండరు. అందులో గిరీశం గారెవరు? వితంతు వివాహాల మీద ఉపన్యాసకుడనీ, చుట్ట కాల్చేవాడనీ చెబుతాం గాని, ఆయన అసలు ఉద్యోగం ట్యూషను మాస్టారు. పరీక్ష తప్పిన వెంకటేశాన్ని చదివిస్తానని చెప్పి సెలవుల్లో అగ్రహారం చేరతాడు. తల్లి వెంకమ్మగారికి కొడుకు చదువు వినాలని ఉంటుంది, ఇద్దరినీ ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. గురుశిష్యులు నోటికొచ్చిన పిల్లల పద్యాలూ, రీడరు ముక్కలూ అప్పగించి అదే సంభాషణ అనిపిస్తారు. ఆవిడ మురిసిపోతుంది. నవ్వు వస్తుంది నిజమే. కాని ఆ రంగంలో నాకు కనిపించేది ఆ తల్లిదండ్రుల నిస్సహాయత. తమకు రాని విద్యను డబ్బిచ్చి కొంటున్నారు, సరుకు అసలుదో నకిలీదో చూసుకునే దారి లేదు. భావనపాడు తల్లికీ ఇదే ఇబ్బంది. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసి చెప్పగలదు. కొడుకు చేతిలోని రికార్డు పుస్తకం వాడిదో కాదో ఏ మొప్ప ఎత్తి చూస్తుంది? గిరీశాలు ఎప్పుడూ ఇటువంటి ఇళ్ళనే వెతుక్కుంటారు. నూట పాతికేళ్ళు దాటినా ఆ పాత్రకు వయసు మీరలేదు.

నేటి గిరీశం చుట్ట కాల్చడు. జెరాక్సు దుకాణం పెడతాడు, లేదా ఫోనులో దొరుకుతాడు. "ఇచ్చట ప్రాజెక్టులు చేయబడును" అనే బోర్డులు ఏ కాలేజీ ఊళ్ళోనైనా చూడవచ్చు. ఇంజనీరింగు పిల్లలకు హైదరాబాదులో అమీర్‌పేట ఎటువంటిదో, మన పట్నాల్లో మన స్థాయికి తగ్గ అమీర్‌పేటలు వెలిశాయి. కెమిస్ట్రీ రికార్డు ఇంత, బోటనీ బొమ్మలు ఇంత, బైండింగుతో సహా ప్రాజెక్టు ఇంత అని పెళ్ళి భోజనాల రేట్లలా చెబుతారు.

వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. కొన్నేళ్ళ క్రితం డిగ్రీ పాఠ్యప్రణాళికలో చేర్చారు. మొదటి సంవత్సరం తరువాత విద్యార్థి ఒక ఊరికి వెళ్ళి, ఇంటింటికీ తిరిగి, సమస్యలు తెలుసుకొని, నివేదిక రాయాలి. కాగితం మీద ఇంత మంచి ఆలోచన ఈ మధ్య కాలంలో మరొకటి రాలేదంటాను. భావనపాడు పిల్లవాడికైతే ఊరే పుస్తకం. వేట ఎన్ని రోజులు, ఐసు ఖర్చెంత, గుజరాత్ వెరావల్ బోట్ల మీదికి ఎందరు వలస పోయారు, ఇంటరు తరువాత ఎందరు ఆడపిల్లలు చదువు మానేశారు, మంచినీళ్ళు ఎక్కడినుంచి మోసుకొస్తున్నారు? ఈ ప్రశ్నలకు జవాబులు అతని మేనమామకు తెలుసు, అప్పకు తెలుసు, అరుగు మీద వల బాగుచేసుకునే తాతకు తెలుసు. ట్యూషను కూడా అక్కర్లేదు. అటువంటి చోట, ఒక రిపోర్టు నా చేతికి వచ్చింది. పై అట్ట మీద సముద్రపు ఒడ్డున ఉన్న ఊరి పేరు. లోపల ప్రధాన పంటలు వరి, చెరకు అట! చెరువు ఆయకట్టు లెక్కలు కూడా ఉన్నాయి. ఎక్కడో మెట్ట గ్రామం మీద ఎవరో రాసిన దాన్ని పేరు మార్చి అమ్మేశారు. కొన్నవాడు చదవలేదు. సంతకం పెట్టినవారు చదవలేదు. మార్కులు మాత్రం బాగానే పడ్డాయి.

ఇందులో మోసపోయింది ఎవరు? విశ్వవిద్యాలయం అంటారా, దానికి పోయేదేమీ లేదు. ఆ ఊరు మోసపోయింది. ఆ ఊరి గురించి నాలుగు నిజాలు రాసే అవకాశం, ఆ ఊరి బిడ్డ చేతికే వచ్చి, జారిపోయింది.

ఇక ఇప్పుడు ఫోనులోనే కృత్రిమ మేధ అంటున్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక జెరాక్సు దుకాణం గిరాకీ కూడా తగ్గుతోందని ఒక దుకాణదారే నాతో వాపోయాడు. పాపం! అడిగిన ప్రశ్నకు అర నిమిషంలో ఇంగ్లీషు వ్యాసం. నేను దాన్ని శత్రువనను. తెలుగు మీడియం పిల్ల "ఈ పేరా నాకు తెలుగులో విడమరచి చెప్పు" అని అడిగితే అది చెబుతుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. అప్పుడప్పుడు తప్పులు కూడా అంతే ధీమాగా చెబుతుంది, అది వేరే సంగతి, పుస్తకంతో సరిచూసుకోవాలి. "నా బదులు రాసి పెట్టు" అన్నప్పుడు మాత్రం అదీ గిరీశమే అవుతుంది. మనిషైనా, యంత్రమైనా అడిగిన తీరులోనే ఉంది అంతా.

ఆ అడిగే తీరుకి ఒక ఉదాహరణ చెబుతాను. జార్జి కార్ అని లండన్‌లో ఒక ప్రైవేటు ట్యూషను మాస్టారు ఉండేవాడు. కేంబ్రిడ్జి గణిత పరీక్షలకు పిల్లలను తయారుచేయడం ఆయన వృత్తి. అప్పట్లో కేంబ్రిడ్జిలో కాలేజీ పాఠాలకన్నా ప్రైవేటు కోచ్‌లదే రాజ్యం. రౌత్ అనే కోచ్ దగ్గర చదివినవారిలో పాతికమందికి పైగా ప్రథమ స్థానాలు కొట్టారు. అంటే ఈ జాడ్యం మనం కనిపెట్టింది కాదు! కార్ తన ట్యూషను నోట్సునే గుదిగుచ్చి 1880లో ఒక భాగం, 1886లో మరో భాగం అచ్చువేశాడు. వేలకొద్దీ సూత్రాలు, చాలావాటికి నిరూపణలు లేవు, ఉన్నా ఒకటి రెండు ముక్కలు. ఒక్క మాటలో చెప్పాలంటే అదొక గైడు. ఆ గైడు 1903 ప్రాంతంలో కుంభకోణంలో ఒక కుర్రవాడి చేతిలో పడింది. ఆ కుర్రవాడు శ్రీనివాస రామానుజన్.

మనవాడైతే ఏం చేసేవాడు? ముఖ్యమైనవి టిక్కు పెట్టి బట్టీ కొట్టేవాడు. రామానుజన్ ఒక్కొక్క సూత్రం ఎందుకు నిజమో తానే తేల్చుకుంటూ పోయాడు. ఆ ఊపులో కార్ పుస్తకం దాటి ఎక్కడికో వెళ్ళిపోయాడు. లెక్కల ధ్యాసలో మిగతా సబ్జెక్టులు వదిలేసి స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడు. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం పారిపోయి వచ్చాడు కూడా. మద్రాసులో పరీక్ష తప్పాడు. పొట్టకూటికి తానూ ట్యూషన్లు చెప్పాడు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాస్తే, ఆయన ఆశ్చర్యపోతూనే అడిగిన మొదటి విషయం, వీటికి నిరూపణలు ఏవీ అని. గైడు పద్ధతి అంతటి మేధావికీ కొంత అంటింది చూడండి, ఫలితం రాసి నిరూపణ వదిలేయడం. ఐనా ఆ ఫలితాలు ఆయనవే కనుక, అడిగినప్పుడు చూపించడానికి దారి ఉంది. కొన్న రికార్డు వెనక ఏ దారీ లేదు.

కనుక గైడు ఉండటం తప్పు, ట్యూషను ఉండటం తప్పు అనే వాదన నాకు పట్టదు. నేను ట్యూషను చెప్పే రోజుల్లో నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు ఒకటే. విద్యార్థి కలం నేను ముట్టుకోను. బోర్డు మీద ఒక లెక్క చేస్తాను, అటువంటిదే ఇంకొకటి ఇస్తాను, నోట్సు మూయించి ఇంటికి పంపుతాను. మర్నాడు పొద్దున్న నేను లేకుండా చేసుకొని వస్తే పాఠం వచ్చినట్టు, లేకుంటే నేను చెప్పింది సరిగా లేనట్టు. కాలేజీలో ఇచ్చిన అసైన్‌మెంటు తెచ్చి "సార్, ఇది చేసి పెట్టండి" అంటే, దానికి దగ్గరగా ఉండే మరో ప్రశ్న తీసుకొని దాన్ని చేసి చూపించేవాణ్ణి. అసలుది వాళ్ళదే. కొందరు తల్లిదండ్రులకు ఇది నచ్చలేదు. "డబ్బులు పుచ్చుకొని పని సగం చేస్తున్నాడు" అన్నవాళ్ళున్నారు. ఇద్దరు మానేశారు కూడా.

ఇందులో కొత్త సిద్ధాంతమేమీ లేదు. భావనపాడులో వల అల్లడం నేర్పే తాతను చూడండి. మనవడు ముడి తప్పు వేస్తే తాను సరిచేసి ఇవ్వడు, విప్పి మళ్ళీ వెయ్యమంటాడు. ఆ వల రేపు నీళ్ళలో దిగుతుంది, అప్పుడు ఒడ్డున కూర్చున్న తాత అందుబాటులో ఉండడు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి పనికొచ్చే ఒక మాట. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినప్పటినుంచి ఇంటరు, డిగ్రీ స్థాయి పుస్తకాలు తెలుగులో ఎన్నో వచ్చాయి. మీడియం మారాక అవి చాలా లైబ్రరీల్లో దుమ్ము కొట్టుకుంటున్నాయి. ఎడమచేతి పక్కన ఆ పుస్తకం, కుడిచేతి పక్కన ఇంగ్లీషు పుస్తకం పెట్టుకొని ఒకే అధ్యాయం చదివితే సగం ట్యూషను అక్కడే అయిపోతుంది. మా దగ్గరికి వచ్చిన పిల్లలతో మొదటి నెలంతా ఇదే చేయించేవాణ్ణి. నాకు శ్రమ తక్కువ, వాళ్ళకు లాభం ఎక్కువ.

ఇప్పుడు లెక్చరర్ల సంగతికి వస్తున్నాను. ఇది రాయకపోతే విద్యార్థుల మీద మాత్రమే కోపం చూపించినట్టవుతుంది. తరగతి గదిలో సగం పాఠం, మిగతా సగం సాయంత్రం ఇంట్లో అనే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నదన్నది బహిరంగ రహస్యం. స్కూలు టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షను నిషేధించింది. కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులకు యూజీసీ వృత్తి నియమావళి కూడా, బోధన బాధ్యతకు అడ్డు వచ్చే ట్యూషన్లు, కోచింగులు పెట్టుకోవద్దనే చెబుతోంది. నియమాలు అలా ఉంచండి. తన చేతిలో ఇంటర్నల్ మార్కులున్న విద్యార్థి దగ్గర ట్యూషను ఫీజు తీసుకోవడం ఎంత చెప్పినా సమర్థించలేం. ఆ అధ్యాపకుడు నిప్పులాంటి మనిషే కావచ్చు. ఐనా ఆ విద్యార్థికి పడిన ప్రతి మార్కు మీదా పక్క విద్యార్థికి అనుమానం ఉంటుంది. ఆ అనుమానం ఉన్నచోట కష్టపడి తెచ్చుకున్న మార్కుకి కూడా విలువ పోతుంది. మరో మాట, ప్రాజెక్టు రిపోర్టు చదవకుండా సంతకం పెట్టే అధ్యాపకుడికీ, దాన్ని చదవకుండా కొన్న విద్యార్థికీ తేడా జీతంలోనే ఉంది.

చట్టాలు లేక కాదు. మన రాష్ట్రంలో పరీక్షల్లో అక్రమాలు అరికట్టడానికి 1997లోనే చట్టం చేశారు, జైలు శిక్షలు కూడా పెట్టారు. కేంద్రం 2024లో పోటీ పరీక్షల కోసం మరొకటి చేసింది. పరిశోధన వ్యాసాల్లో గ్రంథచౌర్యానికి 2018లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం దాటితే దిద్ది మళ్ళీ ఇవ్వాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఐనా 2016లో తెలంగాణలో ఎంసెట్-2 ప్రశ్నపత్రం లీకై, పరీక్ష రద్దు చేసి, సెప్టెంబరులో పిల్లలందరి చేత మళ్ళీ రాయించారు. కొందరు కొన్న పేపరుకి వేలాదిమంది రెండోసారి రాయవలసి వచ్చింది. ట్యూషన్లనే నిషేధించేద్దామా? దక్షిణ కొరియాలో 1980లో సైనిక ప్రభుత్వం ఆ పని చేసింది. డబ్బున్నవాళ్ళు దొంగచాటుగా ట్యూషన్లు పెట్టించుకున్నారు, చివరికి 2000లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టేసింది. నిషేధం పెడితే మన దగ్గరా జరిగేది అంతే. టెక్కలిలో కారున్న ఇంటికి మాస్టారు రాత్రి వెళ్తాడు, భావనపాడు పిల్లకు మాత్రం ఆ ఒక్క గంటా పోతుంది.

ఇదంతా ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, దొంగ రికార్డు వల్ల అందరికీ ఒకే నష్టం జరగదు. మేనమామ కాంట్రాక్టరు, బాబాయి ఆఫీసరు ఉన్న కుర్రవాడికి డిగ్రీ ఒక అలంకారం, అది నకిలీదని తేలినా మరో దారి ఉంటుంది. భావనపాడు పిల్లకు ఆ డిగ్రీ తప్ప వెనక ఆస్తి లేదు. 2023 ఏప్రిల్ 19న మూలపేట దగ్గర రేవుకి శంకుస్థాపన జరిగింది. మొదట భావనపాడు రేవని పిలుచుకున్నది అదే. నేలను, వేట సాగించే ఒడ్డును ఇచ్చినవారు మా పిల్లలకు ఉద్యోగాలేవని అడగడం న్యాయం. మన యూనియన్ కూడా స్థానికులకే ఉద్యోగాలని తీర్మానాలు చేసింది, చెయ్యాలి కూడా. కాని ఎక్కడ పరిశ్రమ వచ్చినా యాజమాన్యం చేతిలో సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది: "ఇస్తామండీ, కాని స్థానికుల దగ్గర నైపుణ్యం లేదు." ఇంటర్వ్యూలో మన పట్టభద్రుడు తన ప్రాజెక్టు రిపోర్టు శీర్షికకి అర్థం చెప్పలేకపోయిన ప్రతిసారీ ఆ జవాబుకి మనమే సాక్ష్యం సమకూరుస్తున్నాం. ఆ కుర్రవాడి వెనక వరుసలో కూర్చున్న, నిజంగా చదువుకున్న మన పిల్లను కూడా అదే కంటితో చూస్తారు. ఒక కాలేజీ పేరు మీద నమ్మకం పోతే అది రోలు నంబర్లవారీగా పోదు.

ఇక యూనియన్ మిత్రులకు నా సూచనలు. వార్షికోత్సవానికి షామియానాలు, మైకు సెట్టు ఎలాగూ పెడతారు, పెట్టండి. దానితోపాటు సాయంత్రం 4 గంటలనుంచి గంటన్నరపాటు రెండు గదులు అడిగి పుచ్చుకోండి. మూడో ఏడాది, పీజీ విద్యార్థులు మొదటి ఏడాది వారికి పాఠం చెప్పాలి, ఫీజు లేదు. నౌపడా, సంతబొమ్మాళి వైపు ఆటోలు ఎన్నింటికి ఆగిపోతాయో చూసుకొని వేళ పెట్టండి, లేకపోతే ఎవరికోసం పెట్టామో వాళ్ళే రాలేరు. ముఖ్యంగా వేట నిషేధం రోజుల్లో ఒక్కరోజు కూడా ఆపవద్దు. చెప్పేవాడికి లాభమేమిటని అడుగుతారు. ఒక పాఠం నలుగురికి చెప్పి చూడండి, మీకే ఎంత రాదో తెలుస్తుంది. పోటీ పరీక్షలకు అంతకన్నా మంచి రివిజను నాకు తెలియదు.

రెండోది, ప్రతి రికార్డులో, ప్రతి ప్రాజెక్టులో చివరి పేజీ మీద విద్యార్థి సొంత దస్తూరీతో నాలుగు పంక్తులు రాయాలని యూనియనే తీర్మానం చెయ్యాలి. ఇందులో ఏది నేను చేశాను, ఎక్కడ ఎవరి సాయం తీసుకున్నాను, ట్యూషను మాస్టారు ఏం చెప్పారు, ఫోను దేనికి వాడాను. సాయం తీసుకున్నందుకు మార్కు తగ్గించకూడదు, దాచినందుకు మాత్రం తగ్గించాలి. లెక్చరర్లు ఒప్పుకుంటే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి అయిదు నిమిషాల మౌఖిక పరీక్ష కూడా, తెలుగులోనే, మన యాసలోనే. నువ్వెళ్ళిన ఊళ్ళో మొదటి ఇల్లు ఎవరిది, వాళ్ళు ఏమన్నారు అని అడిగితే చాలు. వెళ్ళినవాడు ఆపమన్నా ఆపడు.

అర్జీ ముసాయిదా ఒకటి రాసి యూనియన్ కార్యదర్శి చేతికిచ్చాను. గది తాళాలు ఎవరి దగ్గరుంటాయో, ఫ్యాను తిరిగే గది ఏదో, సుద్దముక్కలు ఎవరు ఇస్తారో మిగతావి అందులో ఉన్నాయి. సోమ, బుధవారాలు లెక్కలకు రావడానికి నేను సిద్ధం.